జట్టీ మీద చోటు

ద్వారకానగర్‌లో, కోచింగ్ సెంటర్ మెట్ల కింద నా షాపు.
వాసుపల్లి ఎల్లాజీ బాబాయ్
పాత తువ్వాల్లో చుట్టిన సీపీయూని చంకనెత్తుకుని దిగాడు.
రెండో చేతిలో బిస్కెట్ల డబ్బా.
డబ్బా నిండా ఏడు హార్డ్‌డిస్కులు.

పక్క మూత తీశాను.
నాకంటే ముందే సముద్రం లోపలికొచ్చి వెళ్ళింది:
మరల తలలన్నీ తుప్పు,
ఫ్యాను రెక్కల మీద తడి ఉప్పు,
మూలన బల్లిగుడ్డు పెంకు.

"పోర్టులు నాలుగే బాబాయ్. ఒకటి సిస్టమ్ డిస్కే తినేసింది."
"మూడేటమ్మా? నా కాడ ఏడున్నాయి."

పెదజాలారిపేటలో పాతికేళ్ళుగా
పెళ్ళయినా, గంగమ్మ పండగైనా, కొత్త బోటుకి కొబ్బరికాయైనా
కెమెరా ఆయన భుజం మీదే.
డిస్కుల మీద అంటించిన పేర్లు తేమకి ఊడిపోయాయి.
ఇప్పుడు ఏది ఎవరి పెళ్ళో
తిప్పి చూస్తే గానీ తెలీదు.

తొందరెందుకో టీ తాగాక చెప్పాడు.
మైలపల్లి బండియ్య భార్య వచ్చిందట, పోయిన నెల.
బోటు రాలేదు. మనిషి ఫోటో లేదు.
మరదలి పెళ్ళిలో డాన్సాడాడు, ఆ బొమ్మ కావాలంది.
ఒకటి పెట్టి, చూసి, ఆపి, ఊడదీసి, ఇంకోటి పెట్టి,
మూడోదానికే చీకటి పడింది.
లేచి వెళ్ళిపోయి
ఆధార్ కార్డు బొమ్మనే పెద్దది చేయించుకుందట.

"అన్నీ ఒక్కపాలి కనపడాల. మరేటీ వద్దు."

గ్రాఫిక్స్ కార్డు నీడలో ఒక పొట్టి స్లాట్ దొరికింది,
కొన్నప్పట్నుంచీ ఎవరూ ఏదీ గుచ్చని చీలిక.
వెనక రేకు పీకబోతే వేలు తెగింది.
అరచేతి కన్నా చిన్న కార్డు, దానికి నాలుగు పోర్టులు.

"ఇంత సిన్నదానికి నాలుగెలా కడతావమ్మా?"
"హార్బర్లో జట్టీ నిండిపోతే మీరేం చేస్తారు?"
"బోటుకి బోటు కట్టేత్తాం.
బోట్ల మీంచి నడిసొచ్చి గట్టెక్కుతాం."
"ఇదీ అంతే. నాలుగూ ఒక్క దారినే గట్టెక్కాలి.
కాస్త నెమ్మది."
"నెమ్మదైతే ఏటి. రావాల గానీ."

కరెంటు చాలదని ఎస్సెంపీఎస్ మార్చాను.
రెండొందల స్ప్లిటర్ పెట్టమన్నాడు, పెట్టలేదు.
కాలిపోయిన వైర్ల వాసన ఈ గదికి కొత్త కాదు.

మొదటిసారి ఆన్ చేస్తే కార్డే కనిపించలేదు.
ఊడదీసి, పైన క్లాసులో ఒక పిల్లాణ్ణడిగి
పెన్సిల్ రబ్బరు తెచ్చి
దాని బంగారు పళ్ళు తోమాను.
మళ్ళీ గుచ్చాను, టక్కుమనేదాకా.

తెర మీద ఒక్కొక్కటే లేచాయి,
ఒకటి, రెండు... ఆరు.
ఏడోది లేవలేదు. లోపల్నుంచి
టక్. టక్.

బాబాయ్ చెవి పెట్టాడు.
"ఇంజను పట్టేసింది."
"తీసేద్దాం. ఆ పోర్టు ఖాళీగా ఉంటే
రేపు కొత్త డిస్కుకి పనికొస్తుంది."
దాని మీద చెయ్యేసి ఉంచాడు కాసేపు.
"ఇంజను పోనాదని బోటుని తోసేత్తామేటి?
కట్టి ఉండనీ."
"మరి కొత్త పెళ్ళొస్తే?"
"అప్పుడు సూద్దుం లే."

బిల్లులో రాశాను: కార్డు ఒకటి, కేబుళ్ళు నాలుగు.
వేలి రక్తం ఒక మూల అంటుకుంది.
అదే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి పదకొండింటికి ఫోను.
బండియ్య దొరికాడు, ఐదో డిస్కులో.
ముఖం లేదు. బ్యాండు వాళ్ళ వెనక
చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి
ఎగురుతున్న మనిషి, తొమ్మిది సెకన్లు.

"ముకం నేదని సెప్పేనమ్మా.
వీపు సూసే గుర్తెట్టీసింది.
ఇంకోపాలి ఎయ్యి అంటంది, ఇక్కడే ఉంది."

ఆయన గొంతు వెనక బ్యాండు మేళం,
మేళం వెనక
టక్.
టక్.